రేఖయు రూపమును: చిత్రకారుని పూర్వలేఖనములను గూర్చి ఒక విచారము

తాళపత్రముపై ఒక్క అక్షరమును చెదలు తినినచో, ఆ లోపమును పూరించుటకు పది ప్రతులను వెదకువారము మనము. ఒక శ్లోకమునకు నాలుగు పాఠములు కనబడిన, ఒకదానిని మూలమున నిలిపి, తక్కిన మూడింటిని అధస్సూచికలో చూపుదుము. గ్రాహ్యమైన పాఠమేది అనుట యొక్కటియే చాలదు; త్యాజ్యమైన పాఠము ఎందులకు త్యాజ్యమో చెప్పగలిగినవాడే పండితుడని మా గురువులు నేర్పిరి. ఇంతటి శ్రద్ధ చిత్రకారుని విషయమున మనకు ఏనాడును లేదు. పటము పూర్తియై గోడ నెక్కిన తరువాత దానిని చూచి మెచ్చుకొందుము. ఆ పటమునకు ముందు అతడు పెన్సిలుతో గీచిన చేతులు, పాదములు, ముఖములు, వస్త్రపు ముడుతలు మన కంటికి చిత్తుకాగితములు.

ఈ చిత్తుకాగితములనే నేనిచ్చట పూర్వలేఖనములని వ్యవహరించుచున్నాను. ఇవి తాళపత్రములతో సమానముగ రక్షణార్హములనియు, పురాణేతిహాస విషయమైన చిత్రములకు సంబంధించినవైనచో వానిని పరిశీలించు బాధ్యత చిత్రకారులకంటె సంస్కృతాంధ్ర పండితులకే ఎక్కువ కలదనియు నా అభిప్రాయము. ఈ విషయమున నేనును ఒకప్పుడు అపరాధము చేసినవాడనే. ఆ సంగతిని కడపట నివేదింతును.

విక్టోరియా యుగము అన్నంతనే మన విజయవాడవారికి స్ఫురించునది బందరు రోడ్డులోని జూబిలీ మ్యూజియము. ఆ రాణి సింహాసనారోహణ స్వర్ణోత్సవమునకై 1887లో శంకుస్థాపన జరిగిన ఆ భవనమే, 1921లో పింగళి వెంకయ్యగారు గాంధీజీకి జెండా నమూనాను సమర్పించిన చోటుగా ప్రసిద్ధికెక్కినది. అదియే 2020 నుండి బాపు మ్యూజియముగ పునర్వికాసము నొందినది. ఆ రాణి కాలమున ఆంగ్లదేశపు చిత్రకారులు గ్రీకు పురాణకథలను విరివిగా చిత్రించిరి. వారిలో ఎడ్వర్డ్ బర్న్-జోన్స్ (1833–1898) ఒకడు. 1875లో ఆర్థర్ బాల్ఫోర్ అను రాజకీయవేత్త తన ఇంటి గదికై పర్సియస్ కథను వరుస చిత్రములుగా వ్రాయుమని అతనిని కోరెను. పర్సియస్ దేవతలవలన ఆయుధములను పొంది, చూచినవారిని శిలలుగా మార్చు మెడూసాను వధించి, సముద్రతీరమున బండకు కట్టబడియున్న ఆండ్రోమెడాను విడిపించిన వీరుడు. పది చిత్రములను సంకల్పించిన బర్న్-జోన్స్ ఇరువది సంవత్సరములకు పైగా కృషి చేసియు ఆ వరుసను ముగింపలేకయే కన్నుమూసెను.

అయినను ఆ కృషి వ్యర్థము కాలేదు. నిజపరిమాణపు నమూనాలు సౌథాంప్టన్ నగర చిత్రశాలయందును, పూర్తియైన కొన్ని తైలచిత్రములు జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరమందును ఉన్నవి. పెన్సిలుతో గీచిన పూర్వలేఖనములు పలు సంగ్రహాలయములయందు భద్రముగ నున్నవి. ఒక కాగితముపై కేవలము ఒక శిరస్సు, మరియొకదానిపై మడమ నెత్తిన పాదము, వేరొకదానిపై కవచభాగము. ఆ కవచము ఏ చారిత్రక యుగమునకును చెందకుండునట్లు అతడు దానిని బుద్ధిపూర్వకముగ కల్పించుకొనెను. పురాణపురుషుని ఒక శతాబ్దిలో బంధింపరాదని అతని ఉద్దేశము. ఇట్టి నిర్ణయములు ఎట్లు పుట్టి ఎట్లు స్థిరపడినవో పూర్తియైన పటముకంటె పూర్వలేఖనములే చక్కగా చెప్పును.

ఇచ్చట సంప్రదాయజ్ఞులు ఒక పూర్వపక్షము చేయవచ్చును. మనుష్యుని ఎదుట నిలుపుకొని చూచి గీచుట పాశ్చాత్యుల పద్ధతి. మన పద్ధతి ధ్యానము. దేవతామూర్తిని నిర్మించువాడు ధ్యానముచేతనే నిర్మింపవలెను గాని ప్రత్యక్షదర్శనముచేత కాదని శుక్రనీతిసారము విధించుచున్నది. కావున ఈ పెన్సిలు అభ్యాసములతో మనకేమి పని? ఇది తేలికగ త్రోసిపుచ్చదగిన మాట కాదు. పాఠశాలలో చదువుకొను దినములలో నేనును ఇట్లే వాదించితిని.

దీనికి రెండు సమాధానములు కలవు. మొదటిది: ఆ విధి అర్చకై ప్రతిష్ఠింపబడు ప్రతిమను గూర్చినది. కథాఘట్టమును చూపు చిత్రమునకు దానిని అన్వయించుట అతివ్యాప్తి. చిత్రమునకు యశోధరుడు జయమంగళా వ్యాఖ్యలో చెప్పిన ఆరు అంగములలో సాదృశ్యము ఒకటి. ఒక వస్తువును చూడనివానికి దాని సాదృశ్యము ఎట్లు సిద్ధించును? రెండవది: ధ్యానము మాత్రము నిరాధారమా? అనుభవమువలన సంస్కారము, సంస్కారమువలన స్మృతి కలుగునని తర్కసంగ్రహము చదివిన బాలుడును ఎరుగును. పద్మాసనస్థుడైన మునిని మనస్సున నిలుపుకొనువాడు ఎన్నడో ఒకనాడు కూర్చున్న మనుష్యుని మోకాలు ఎట్లు వంగునో చూచియుండవలెను. పూర్వలేఖనము ఆ అనుభవమునకు సాక్షి. అది ధ్యానమునకు విరోధి కాదు, ధ్యానమునకు సమిధ.

కాళిదాసు ఈ రహస్యమును బాగుగ ఎరిగినవాడు. మాళవికాగ్నిమిత్రములో రాజు మొదట మాళవిక చిత్రమును చూచును. పిమ్మట ఆమెనే చూచి, చిత్రకారుని సమాధి సడలినదని తలంచును. ఎదుటనున్న వ్యక్తిని చిత్రించుటకును సమాధి కావలెననియే కదా దీని తాత్పర్యము. శాకుంతలము ఆరవ అంకమున దుష్యంతుడు తాను వ్రాసిన శకుంతల పటమును ముందుంచుకొని, ఇంకను వ్రాయవలసినవానిని ఒక్కొక్కటిగ లెక్కించును: మాలినీనది, ఇసుకతిన్నెపై హంసల జంట, హిమవంతపు పాదములు, నారచీరలు వ్రేలాడు చెట్టు, దాని క్రింద మగజింక కొమ్మునకు కన్ను రాచుకొను లేడి. చెవియందలి శిరీషపుష్పము మరచితిననియు చెప్పుకొనును. తన చిత్రమున కుదరనిది కుదరనట్లే ఉన్నను ఆమె లావణ్యమును రేఖ కొంత పట్టినదని అతని సమాధానము. అసంపూర్ణ చిత్రమునకు ఇంతకంటె గొప్ప వ్యాఖ్యానము నేనెరుగను. ఆ పటము పూర్తియైనచో ఆ అంకమే లేదు.

శాస్త్రము మాట యేమి? విష్ణుధర్మోత్తరము తృతీయ ఖండమునందలి చిత్రసూత్రము ప్రకారము చిత్రమున ఆచార్యులు మెచ్చుకొనునది రేఖ. తక్కినవారు ఛాయను, ఆభరణములను, వర్ణవైభవమును మెచ్చుకొందురు. శరీరము తిరిగిన కొలది అవయవములు తగ్గినట్లును పెరిగినట్లును కనబడు తీరును క్షయవృద్ధులని ఆ గ్రంథమే పేర్కొన్నది. చాళుక్య సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో రచించిన మానసోల్లాసమున కాటుకను అన్నపు మెతుకులతో నూరి చేసిన వర్తికతో ముందు రేఖను గీచుకొను విధానము కలదు. ఈ వర్తిక ఆనాటి పెన్సిలు. కావున పూర్వలేఖనము దిగుమతియైన ఆచారము కాదు.

మరియొక ఆక్షేపము దీనికంటె బలమైనది. మన కళాకారులు రేఖను గీచిరి, నిజమే, కాని దాచిరా? శ్రీకాళహస్తి కలంకారీ పనివాడు కరక్కాయ, పాలు పట్టించిన వస్త్రముపై చింతపుల్లల బొగ్గుతో బొమ్మను గీచును. దానిపై వెదురు కలముతో, ఇనుము బెల్లము పులియబెట్టిన నల్లని కసిమితో స్థిరమైన గీత వేయును. అంతట బొగ్గుగీత రాలిపోవును. తన తడబాటును తానే తుడిచివేసికొనుట మన సంప్రదాయము. ప్రతి తునకను దాచుకొనుట అహంకారము కాదా?

కాదనియే నా సిద్ధాంతము. కాళహస్తిలో బొగ్గుగీత పోయినను నష్టము లేకపోవుటకు కారణము, ప్రక్కన కూర్చున్న శిష్యుడు దానిని చూచుచుండుట. గీచిన చేయి, చూచిన కన్ను, మరల గీచిన చేయి: ఈ పరంపర తెగనంతకాలము కాగితముతో పనిలేదు. వేదమును వ్రాసికొనక ఘనపాఠముతో నిలిపిన జాతి మనది; వినువాడుండిన గ్రంథమెందులకు? కాని పరంపర తెగినచోట కాగితమే గురువు. అధ్యేతలు లేక తాళపత్రములలో మాత్రమే మిగిలిన శాఖలను గూర్చి మనమెంత ఆతురపడుదుమో, శిష్యులు లేక పోయిన చిత్రకారుని కాగితములను గూర్చియు అంతే ఆతురపడవలెను. కృష్ణకు ఆవలి ఒడ్డున ఉండవల్లి గుహలలో శిల్పులు ముగింపక విడిచిన పై అంతస్తును చూచి వారి పనితీరును ఊహించుచున్నాము. అసంపూర్ణమైన శిలకు చూపు ఆదరము అసంపూర్ణమైన కాగితమునకు చూపరాదా?

తెలుగుదేశమున ఈ ఆదరమునకు నోచుకొన్నవాడు దామెర్ల రామారావు (1897–1925). రాజమహేంద్రవర ప్రభుత్వ కళాశాల అధ్యక్షుడును, స్వయముగ చిత్రకారుడును ఐన ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ బాలుని ప్రతిభను గుర్తించి ప్రోత్సహించెను. రామారావు బొంబాయి జె.జె. కళాశాలలో చదివి, స్వస్థలమునకు మరలివచ్చి, చిత్రకళాశాలను నెలకొల్పి, శిష్యులను కూర్చుకొని, 28 ఏండ్లు నిండకయే మశూచికి బలియయ్యెను. భార్యయు, శిష్యులును, మిత్రులును అతని కృతులను చెదరనీయలేదు. రాజమహేంద్రవరమున అతని పేర వెలసిన చిత్రశాలలో వర్ణచిత్రములతోపాటు రెండు వందలకు పైబడిన రేఖాచిత్రములును, స్కెచ్ పుస్తకములును నిలిచినవి. అదే కాలమున మన బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార ఛటోపాధ్యాయుడు వంగదేశపు పద్ధతిని నేర్పుచుండెను. అడివి బాపిరాజుగారు ఆయన శిష్యులు. ఒకచోట ఎదుటి మనుష్యుని చూచి గీచు అభ్యాసమునకును, మరియొకచోట భావనకును ప్రాధాన్యము. ఈ రెండు ధోరణులు ఒకే తీరమున ఎట్లు పెనవేసికొన్నవో తెలియవలెనన్న పూర్తియైన పటములు చాలవు.

ఇందు పండితునికేమి పనియని అడుగుదురు. ఒక ఉదాహరణము చెప్పెదను. రామారావు చిత్రములలో ఋష్యశృంగ బంధనము ఒకటి. ఋష్యశృంగుని కథ రామాయణ బాలకాండమున ఒక విధముగను, భారత వనపర్వమున మరియొక విధముగను ఉన్నది. బాలకాండమున అతనిని ఆకర్షించువారు గణికల సమూహము. వనపర్వమున వృద్ధ వేశ్య యొకతె పడవపై కృత్రిమాశ్రమమును కల్పించి, తన కూతును పంపును. చిత్రకారుడు ఏ కథను అనుసరించెను? రెండింటిని కలిపెనా? ఏ ఘట్టమును మొదట ఎన్నుకొని పిమ్మట విడిచెను? ఇట్టి ప్రశ్నలను అడుగుటకు రెండు మూలములును తెలియవలెను. సమాధానమును వెదకుటకు స్కెచ్ పుస్తకమును విప్పవలెను. చిత్రకళను చదివినవారికి మొదటిది కష్టము. మనకు రెండవది అలవాటు లేదు. కావుననే ఇరువురును ఒకచోట కూర్చుండవలెను.

ఇప్పుడు నా అపరాధమును చెప్పుదును. 1979 ప్రాంతమున నేను వన్ టౌనులో, ఇంద్రకీలాద్రి పాదమునకు దగ్గరగ ఒక ఇరుకు వీధిలో కాపురముంటిని. కొత్తగా అధ్యాపకుడనైన గర్వము నాకుండెడిది. మా వీధి చివర ఒక చిత్రకారుడుండెడివాడు. నాటకముల తెరలు, దుకాణముల బోర్డులు, ఉత్సవములకు దేవతల పటములు వ్రాయుట అతని వృత్తి. నాకంటె ఇరువది ఏండ్లు పెద్ద. అర్జునుడు తపస్సు చేసిన కొండ ఇదియేయని మన క్షేత్రమహిమ కదా. కిరాతార్జునీయ ఘట్టములు చెక్కిన ప్రాచీన స్తంభమును ఈ కొండయొద్దనే పెద్దలు చూపుదురు. ఆ కథను పెద్ద పటముగ వ్రాయవలెనని అతని కోరిక. ఒక సాయంకాలము చేత కాగితముల కట్టతో మా అరుగు నెక్కెను.

"శాస్త్రిగారూ, మల్లయుద్ధము చివర శివుడు ఆకాశమునకెగురును, అర్జునుడు ఆయన పాదములు పట్టుకొనును అని పురాణములో విన్నాను. పట్టుకొన్నప్పుడు వేళ్లు బిగించి పట్టెనా, వదులుగా పట్టెనా?"

"భారవి పద్దెనిమిదవ సర్గలో పట్టుకొనెనని ఉన్నది. వేళ్ల సంగతి మీ కెందులకండీ?" అంటిని.

"చేయి వ్రాయవలసినది నేను కదా, బాబూ."

నేను నవ్వి, సంధ్యావందనమునకు వేళయైనదని లేచితిని. అతడు చూపబోయిన కాగితములను చూడలేదు. ఒకటి మాత్రము అరుగుపై మరచిపోయెను. దానిని నా కిరాతార్జునీయ పుస్తకములో ఉంచితిని. తిరిగి ఇయ్యవలెనని తలంచుటయే గాని ఇయ్యలేదు. పటమును అతడు పూర్తి చేయలేదు. 1990 దశకమున అతడు పోయిన తరువాత పిల్లలు ఇల్లు ఖాళీ చేయుచు, ఆ కట్టలనన్నింటిని తూకమునకు వేసిరి. ఆ బండి మా గుమ్మము ముందునుండియే పోయినది. నేను చూచుచుంటిని, ఆపుమనవలెనని తోచలేదు. పిల్లలను నేను తప్పుపట్టను. అది విలువైనదని వారికి చెప్పదగినవాడు ఆ వీధిలో ఒక్కడే ఉండెను, వాడు చెప్పలేదు.

పిమ్మట చాలకాలమునకు, విద్యార్థులకు పద్దెనిమిదవ సర్గ చెప్పుచు మల్లినాథుని ఘంటాపథమును విప్పినప్పుడు ఆ కాగితము జారిపడినది. దానిపై ఒకే చేయి మూడు మారులు గీయబడియున్నది. మొదటిది పిడికిలి బిగించిన మల్లుని చేయి. రెండవది పూర్తిగ విప్పిన భక్తుని అరచేయి. దానిపై అడ్డముగ ఒక గీత, అనగా త్యాజ్యము. మూడవదానిలో బొటనవ్రేలును చూపుడువ్రేలును బిగిసియున్నవి, తక్కిన మూడు వ్రేళ్లు సడలుచున్నవి.

అప్పుడు గాని నాకు శ్లోకము అర్థము కాలేదు. పాదములను పట్టినప్పుడు అర్జునుని ఉద్దేశము ప్రత్యర్థిని పడద్రోయుట. పట్టినది మాత్రము పరమేశ్వరుని పాదములు. అతడు చేయుచున్నది యుద్ధము, జరిగిపోయినది నమస్కారము. శివుడు ప్రసన్నుడగుటయు అచ్చటనే. ఈ రెండును ఒకే క్రియలో ఇముడుటయే భారవి చమత్కారము. మొదటి చేతిలో యుద్ధమే యున్నది, రెండవదానిలో నమస్కారమే యున్నది. మూడవ చేతిలో రెండును ఉన్నవి. ఏండ్ల తరబడి ఆ సర్గను బోధించిన నాకు తోచని ప్రశ్న, సంస్కృతము రాని ఆ మనుష్యునికి పెన్సిలు మొనపై తోచినది. పటమే పూర్తియైయుండిన ఒక్క చేయియే మనకు కనబడును. మొదటి రెండును ఏల కాదో తెలియదు.

కావున సహృదయులైన సహాధ్యాపకులకు నా విన్నపములు మూడు. మొదటిది: ప్రాచ్యకళాశాలల పరిశోధక విద్యార్థులు ముద్రితగ్రంథములపైననే మరల మరల వ్యాసములు వ్రాయుటకు బదులు, తమ ఊరి చిత్రకారుని ఇంట మిగిలిన పూర్వలేఖనములకు వివరణాత్మక సూచికను తయారుచేయవలెను. కాగితపు కొలత, గీచిన సాధనము, తేదీయున్నచో తేదీ, విషయము, మూలగ్రంథములోని ఘట్టము: ఈ అయిదును చాలును. రెండవది: మన సంగ్రహాలయములు పూర్తియైన పటముల ప్రక్కన పూర్వలేఖనములనుగూడ ప్రదర్శింపవలెను. సంపూర్ణ రామాయణము (1971) వంటి చలనచిత్రములకు ముందుగ బొమ్మలు గీచికొని పిమ్మట దృశ్యములను కూర్చిన బాపుగారి (1933–2014) పేరు మోయు మ్యూజియము మన నగరముననే ఉన్నది. ఇట్టి ప్రదర్శనమునకు అంతకంటె తగిన చోటేది? మూడవది గృహస్థులకు: మీ ఇంట పూర్వులు గీచిన కాగితములున్న, తూకమునకు వేయుటకు ముందు ఒక్కసారి తెలిసినవారికి చూపుడు, కనీసము ఫోనుతో ఛాయాచిత్రము తీసి ఉంచుడు. మన డెల్టాలో కాగితమునకు ఆయుర్దాయము తక్కువ. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్ని ఇండ్లలోనికి నీరు చేరినదో మనమందరము చూచితిమి.

ఆ ఒక్క కాగితము నాయొద్దనే ఉన్నది. అంచులు పసుపువారినవి, మూడవ చేయి కొంత మాసినది. ఈ సంవత్సరము దానిని ఛాయాచిత్రము తీయించి, కొలతలు వ్రాసి, భారవి శ్లోకసంఖ్యను చేర్చి ఒక సూచిక తయారు చేసితిని. ఆ చిత్రకారుని వారసులు ఎవరైన వచ్చి అడిగినచో కాగితమును వారికి అప్పగింతును, అది వారిది. అంతవరకు అది నా పుస్తకములో, పద్దెనిమిదవ సర్గయొద్దనే ఉండును.